అంచు దుప్పి పరుగు

రెండు కొండల మధ్య పొడుగ్గా పరుచుకున్న అడవి ఇప్పలకోన. నిండా ఇప్పచెట్లు, వెదురు పొదలు. మధ్యలో ఒక సన్నని వాగు, వాగు పక్కన పచ్చిక బయలు. ఆ కోనలో నెమళ్ళుండేవి, అడవిపందులుండేవి, పగలంతా చెట్ల మీద కూర్చుని కిందవాళ్ళ సంగతులు మాట్లాడుకునే కొండముచ్చులుండేవి. అందరికంటే ఎక్కువగా ఉండేవి చుక్కల దుప్పులు.

దుప్పుల మందకు నాయకుడు కొమ్ములరాయుడు. పేరుకు తగ్గ కొమ్ములు. కొమ్ములను మించిన కాళ్ళు. ఏటా తొలకరి పడగానే దుప్పులన్నీ పందెం వేసుకునేవి. వాగు ఒడ్డు నుంచి పచ్చిక బయలు చివరి పుట్ట దాకా పరుగు. ముందు చేరినవాళ్ళే ఆ ఏడాదికి నాయకులు. కొన్నేళ్ళుగా రాయుడిదే గెలుపు. నాలుగు దూకుల్లో సగం బయలు దాటేసేవాడు. పుట్ట దగ్గర ఆగి, మెడ తిప్పి, వెనక వచ్చేవాళ్ళను తీరిగ్గా చూసేవాడు. ఆ చూపు కోసమే పరిగెత్తుతాడా అనిపించేది.

ఆ పందెంతో నాయకుడే కాదు, పడకలు కూడా తేలిపోయేవి. ముందు వచ్చినవాళ్ళు మంద మధ్యలో పడుకోవాలి. వెనకబడ్డవాళ్ళు అంచున పడుకోవాలి. పులి వచ్చినా చిరుత వచ్చినా మొదట దొరికేది అంచున ఉన్నవాళ్ళే.

"వేగం లేనివాళ్ళు ఎక్కడ పడుకున్నా దొరికేవాళ్ళే కదా!" అనేవాడు రాయుడు.

మంద తల ఊపేది. మధ్యలో పడుకునేవాళ్ళ తలలు ఇంకా గట్టిగా ఊగేవి.

ఆ ఏడు పందెంలో చిట్టచివర వచ్చింది తంగేడు అనే ఆడదుప్పి. చలికాలంలో దాని గిట్టలో ముల్లు దిగి చీము పట్టింది. చాలాకాలం వెదురు పొదలోనే పడి ఉంది. గాయం మానింది కానీ కాళ్ళలో సత్తువ పోయింది. పైగా ఈనిన ఒళ్ళు. సగం బయలు దాటేసరికి దానికి రొప్పు వచ్చేసింది. మిగతా సగం నడిచింది.

చెట్ల మీద కొండముచ్చులు కొమ్మలు ఊపి నవ్వాయి. "ఒసేయ్ తంగేడూ! నువ్వు పుట్ట చేరేసరికి మళ్ళీ తొలకరి వచ్చేట్టుందే!"

తంగేడు వాటి వైపు చూడలేదు. నేరుగా రాయుడి దగ్గరికి వెళ్ళింది.

"రాయుడు బావా, నేను అంచున పడుకుంటాను. నా పిల్లనొక్కదాన్ని మధ్యలో పడుకోనివ్వు."

"తల్లి ఎక్కడో పిల్ల అక్కడే. రివాజు అంటే రివాజే" అన్నాడు రాయుడు. "నీ కోసం మారిస్తే రేపు ఇంకొకరొస్తారు."

తంగేడు పిల్ల వైపు తిరిగింది. దాని పిల్ల పేరు చినుకు. ఇంకా పాల వాసన పోని పసిది. ఆ సాయంత్రం తల్లీ పిల్లా మంద అంచున, పొదలకు దగ్గరగా పడుకున్నారు. వాళ్ళకు అటు పక్కన చిన్నమ్మ అనే ముసలి దుప్పి, ఇటు పక్కన పుట్టుకతోనే కాలు వంకరైన మోడుగు అనే కుర్ర దుప్పి. అంచు జనాభా అంతే.

మర్నాడు ఉదయం మంద మేతలో ఉండగా తంగేడు ఒక్కతే పచ్చిక బయల్లో పరుగు మొదలుపెట్టింది. వచ్చే తొలకరికి ఎలాగైనా మధ్యకు చేరాలని దాని పంతం. ఉన్న బలమంతా పెట్టి దూకింది. కాసేపటికే రొప్పుతూ నిలబడిపోయింది. మళ్ళీ దూకింది, మళ్ళీ నిలబడింది. మూడో రోజుకు ఒళ్ళంతా పుండై పైకి లేవలేకపోయింది.

"అట్లా పరిగెత్తితే చస్తావే పిల్లా" అంది ఒక గొంతు పొద వెనక నుంచి.

తంగేడు ఉలిక్కిపడి, వెంట వచ్చిన చినుకును కడుపు కిందికి లాక్కుంది. పొదలోంచి ఒక ముసలి ఆడనక్క బయటికి వచ్చింది. దాని పేరు ఊళమ్మ. ఒంటి మీద సగం బొచ్చు రాలిపోయింది.

"దగ్గరికి రాకు! నక్కల మాట నమ్మడానికి నేనేం వెర్రిదాన్నా?"

ఊళమ్మ నోరు బార్లా తెరిచింది. ముందు పళ్ళు ఒక్కటీ లేవు. "చూడు బాగా. మెత్తని రేగుపండు కూడా చప్పరించి మింగుతున్నాను. నీ పిల్లనేం నమలగలనే?"

తంగేడుకు నవ్వొచ్చింది, ఆపుకుంది. "మరి నాతో నీకేం పని?"

"కొండ అవతల అడవిలో గుంపుగా వేటాడే రేచుకుక్కలు పెరిగిపోయాయట. ఇవాళ కాకపోయినా ఎండలు ముదిరాక ఇటొస్తాయి. అవొస్తే నాకూ ఈ కోనలో చోటుండదు. ఎర అందకపోతేనే అవి వచ్చిన దారిన పోతాయి. మీ మందలో ఒక్కరికైనా పరిగెత్తడం వస్తే బాగుండునని చూస్తున్నాను."

"మా రాయుడంత వేగం ఈ కోనలో ఎవరికుంది?"

"వేగం ఉంది, పరుగు లేదు" అంది ఊళమ్మ. "మీ దుప్పులన్నిటిదీ ఒకటే అలవాటు. నాలుగు దూకులు దూకుతారు, ఆగుతారు, ఎంత ముందున్నామో అని వెనక్కి చూస్తారు. పులి దగ్గర అది చెల్లుతుంది. పులి ఒక్క ఉరుకు ఉరికి, అందకపోతే మానేస్తుంది. రేచుకుక్క మానదు. మీరు ఆగిన ప్రతిసారీ అది ఇంకాస్త దగ్గరికొస్తుంది. మీరు రొప్పుతుంటారు, అది వస్తూనే ఉంటుంది."

తంగేడు పళ్ళు బిగించి ముందు కాళ్ళు నేలకు ఆనించింది. తర్వాత లేచి నిలబడింది. "నేర్పుతావా?"

"ముందు కూర్చో. ఆ కాళ్ళతో ఇవాళ నువ్వు చేయగలిగింది పడుకోవడమే" అంది ఊళమ్మ.

నొప్పులు తగ్గాక పాఠం మొదలైంది. ఊళమ్మ చెప్పిన పద్ధతి వింటే కొండముచ్చులకే కాదు, ఎవరికైనా నవ్వొస్తుంది. కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తాలి. మాట తడబడితే వేగం ఎక్కువైనట్టు, తగ్గించాలి. ఆగకూడదు, వెనక్కి చూడకూడదు.

"ఇది పరుగా? మా చినుకు కూడా ఇంతకంటే వేగంగా వస్తుంది" అంది తంగేడు.

"రానీ. అదీ వస్తే మంచిదే. చెప్పు, మీ అత్త నిన్ను బాగా చూసుకునేదా?"

"అయ్యో, ఆవిడ సంగతి అడక్కు..."

అడక్కు అంటూనే తంగేడు అత్తగారి కథ మొదలుపెట్టింది. లేత చిగుళ్ళన్నీ తనే తిని ముదురాకులు మిగిల్చే అత్త. ఆ కథ అయ్యేసరికి ఇద్దరూ పచ్చిక బయలు దాటేశారు. తంగేడు రొప్పడం లేదు. ఆశ్చర్యపోయి ఆగబోయింది.

"ఆగకు! మీ మామ సంగతి చెప్పు!" అని కసిరింది ఊళమ్మ.

అలా రోజులు గడిచాయి. పచ్చిక బయలు నుంచి వాగు మలుపు దాకా, వాగు మలుపు నుంచి వెదురు పొదల దాకా, ఒక్కోసారి కాస్త దూరం కలుపుతూ వెళ్ళారు. వాన పడితే వానలోనే వెళ్ళారు. బురదలో జారి పడ్డ రోజులున్నాయి. లేవబుద్ధి కాని ఉదయాలు లెక్కలేనన్ని. అలాంటప్పుడు తంగేడు తనతో తనే, "వాగు దాకా వెళ్ళి చూద్దాం, అక్కడి నుంచి తిరిగొచ్చేద్దాం" అనుకునేది. వాగు దాకా వెళ్ళాక ఎప్పుడూ తిరిగి రాలేదు, ముందుకే పోయింది. బద్ధకమంతా లేచేటప్పుడే ఉంటుందని, కాళ్ళు కదిలాక అది ఎటో పోతుందని దానికి తెలిసొచ్చింది.

ఊళమ్మ ముసలిది, అంత దూరం రాలేకపోయేది. "ఇక నీ దారిన నువ్వు పో, నేనిక్కడ కూర్చుంటాను" అనేది. చిన్నమ్మ ఒకరోజు పిలవకుండానే వచ్చి చేరింది. "ఊరికే అంచున పడుకుని చావు కోసం చూడటం కంటే ఇదే నయం" అంది. ఆ వెనక మోడుగు కుంటుకుంటూ వచ్చాడు. చినుకు అందరి కాళ్ళకూ అడ్డం పడుతూ వచ్చింది. అంచు మొత్తం పరుగు పెట్టింది.

పైనుంచి కొండముచ్చులు కేకలు వేసేవి. "ఓరి నాయనో, ముసలీ ముతకా ఊరేగింపు బయలుదేరిందిరోయ్! మేళం ఏదీ?"

"నీ నోరే పెద్ద మేళం కదా, వాయించు!" అని చిన్నమ్మ బదులిచ్చేది.

చలికాలం వచ్చింది. తంగేడు ఒంట్లో కండ పట్టింది, ఊపిరి లోతుగా ఆడుతోంది. అప్పుడే అది ఒక తప్పు చేసింది. ఒక ఉదయం రాయుడు ఎదురై, "ఏం తంగేడూ, ఇంకా నడకేనా?" అని వెక్కిరించాడు. తంగేడుకు రోషం వచ్చింది. ఉన్న బలమంతా పెట్టి దూకింది. కాసేపు రాయుడికి సమంగా వచ్చింది కూడా. అంతలో తొడలో ఏదో పట్టేసింది. పడిపోయింది.

"ఎవరికి చూపించాలని దూకావు?" అంది ఊళమ్మ. దాని గొంతులో జాలి లేదు. "రాయుడు నీకేం పాఠం చెప్పాడనీ?"

"అంతా పోయింది. ఇన్నాళ్ళ కష్టం మట్టిపాలైంది" అని తంగేడు ఏడ్చింది.

"ఏమీ పోలేదు. పడుకో. ఒంట్లో బలం పరిగెత్తేటప్పుడు పుట్టదు, పడుకున్నప్పుడు పుడుతుంది. తొందరపడి లేచావంటే మాత్రం నిజంగానే పోతుంది."

పరిగెత్తడం కంటే ఆ పడుకోవడమే తంగేడుకు కష్టమైంది. మిగతావాళ్ళు రోజూ వెళ్ళి వస్తుంటే చూస్తూ పడుకుంది. కాలు బాగయ్యాక మళ్ళీ మొదటి నుంచి, మళ్ళీ నెమ్మదిగా మొదలుపెట్టింది. ఈసారి రాయుడు ఎదురైతే, "బాగున్నావా బావా" అని పలకరించి తన దారిన తను పోయింది.

చలి తగ్గాక ఊళమ్మ దానికి రాళ్ళగట్టు చూపించింది. కోనకు అడ్డంగా నిలబడ్డ ఎత్తయిన గట్టు అది. అవతల ఏటి మడుగు ఉంది. ఎండాకాలంలోనూ ఎండని లోతైన మడుగు. కోన దుప్పులు ఎవరూ అంత దూరం వెళ్ళి ఎరుగరు. వాగు చాలనుకునేవాళ్ళు. గట్టు మీద రాళ్ళు కాలేవి, గిట్టలు జారేవి. మొదటిసారి తంగేడు సగం ఎక్కి వెనక్కి వచ్చేసింది. రెండోసారి అంచు వాళ్ళంతా కలిసి వెళ్ళారు. ముందు తంగేడు, వెనక చినుకు, ఆ వెనక తిట్టుకుంటూ చిన్నమ్మ, చివర మోడుగు. గట్టు ఎక్కేసరికి అవతల మడుగు కనిపించింది. కిందికి దిగి కడుపు నిండా నీళ్ళు తాగారు, ఈదారు. ఆ తర్వాత రాళ్ళగట్టు వాళ్ళకు అలవాటైంది.

ఎండలు ముదిరాయి. వాగు ఎండిపోయింది. ఇప్పపూలు రాలే రోజుల్లో ఒక ఉదయం కోన అవతలి నుంచి ఈలలు వినిపించాయి. పక్షుల ఈలల్లా ఉన్నాయి కానీ పక్షులవి కావు. చెట్ల మీద కొండముచ్చులు ఒక్కసారిగా అరిచాయి.

"రేచుకుక్కలు! రేచుకుక్కలు!"

ఎర్రని ఒళ్ళు, నల్లని తోకలు. గుంపు ముందు రాగిమూతి అనే ముఠా పెద్ద. వాళ్ళేమీ తొందరపడటం లేదు. పని మీద వచ్చినవాళ్ళలా తాపీగా దిగారు.

"నా వెనక రండి!" అని అరిచి కొమ్ములరాయుడు తోక ఎత్తాడు. మంద మొత్తం అతని వెనక దూకింది. చూసి తీరాల్సిన దూకుడు అది. కళ్ళు మూసి తెరిచేలోగా బయలు దాటేశారు. పుట్ట దగ్గర రాయుడు ఆగాడు. మెడ తిప్పి చూశాడు. మంద కూడా ఆగి చూసింది.

రేచుకుక్కలు వస్తూనే ఉన్నాయి.

మళ్ళీ దూకారు. మళ్ళీ ఆగి చూశారు. మళ్ళీ అవి వస్తూనే ఉన్నాయి, ఇంకాస్త దగ్గరగా. మంద నాలుకలు బయటపెట్టింది. ఒక దుప్పి తడబడి పడింది. మళ్ళీ లేవలేదు. దాంతో మంద చెల్లాచెదురైంది. సగం మంది ఎండిన వాగులోకి, సగం మంది వెదురు పొదల్లోకి పరిగెత్తారు.

అంచు వాళ్ళు మాత్రం మంద వెనక పోలేదు. తంగేడు చినుకును ముందుకు తోసి, "గట్టు మీదికి! రోజూ వెళ్ళినట్టే, అదే నడక! ఆగొద్దు!" అంది. చిన్నమ్మ, మోడుగు కదిలారు.

తంగేడు వెనక్కి తిరిగింది. వాగులో రాయుడు ఒంటరిగా చిక్కాడు. ఇక దూకే ఓపిక లేదు. ఒక కుక్క అప్పటికే అతని వెనక తొడ పట్టుకుంది.

"ఎక్కడికే?" అని చిన్నమ్మ అరిచింది. "వాళ్ళు మనల్ని అంచుకు నెట్టారు! పసిదని కూడా చూడలేదు!"

"నెట్టారు. ఆ పోట్లాట తర్వాత పెట్టుకుందాం. ముందు బతికుండాలిగా! నువ్వు పిల్లను చూడు" అని తంగేడు వాగు వైపు ఉరికింది.

రాయుడికీ కుక్కలకీ మధ్య నుంచి అడ్డంగా దూసుకుపోయింది. ఎంత దగ్గరగా పోయిందంటే రాగిమూతి ఊపిరి దాని తోకకు తగిలింది. కుక్కలు సగం చచ్చిన ఎరను వదలవు. కానీ ముక్కు ముందు నుంచి పారిపోయేదాన్ని చూసి ఊరుకోవడం వాటికి చేతకాదు. తొడ పట్టుకున్న కుక్క కూడా వదిలేసింది. గుంపంతా తంగేడు వెంటపడింది.

తంగేడు దూకలేదు. పరిగెత్తింది. రోజూ పరిగెత్తినట్టే పరిగెత్తింది.

"ఎంత దూరం పోతావే?" అన్నాడు రాగిమూతి వెనక నుంచి. "నీలాంటివాళ్ళను చాలామందిని చూశాం. ఆ మలుపు దగ్గర ఆగుతావు."

తంగేడు మలుపు దాటింది. "మీది ఏ ఊరు అన్నా? చాలా దూరం నుంచి వచ్చినట్టున్నారే!"

రాగిమూతి తెల్లబోయాడు. ప్రాణభయంతో పారిపోయే దుప్పి కుశలం అడగడం అతనెప్పుడూ వినలేదు. "కొండ... అవతల."

"అబ్బో! పొద్దున్నే బయలుదేరుంటారు. వాగులో నీళ్ళు కూడా లేవాయె. దాహమేసిందా?"

"నోరు మూసుకుని... పరిగెత్తు!"

గట్టు మొదలైంది. ఎండ నడినెత్తికి వచ్చింది. రాళ్ళు నిప్పుల్లా కాలుతున్నాయి. ఏ రాయి కదులుతుందో, ఏ రాయి నిలుస్తుందో తంగేడు గిట్టలకు తెలుసు. కుక్కల పాదాలకు తెలియదు. సగం గట్టు ఎక్కేసరికి తంగేడు తొడ మళ్ళీ లాగింది. దూకేద్దామనిపించింది, గబగబా దూకి పైకి చేరిపోదామని. దూకలేదు. పళ్ళ బిగువున అదే అడుగు వేసింది, మళ్ళీ అదే అడుగు. అత్త సంగతి గుర్తు చేసుకుంది. మామ సంగతి గుర్తు చేసుకుంది. నొప్పి తగ్గలేదు, కానీ పెరగనూ లేదు.

"మీ... అమ్మగారు... బాగున్నారా అన్నా?" అని అడిగింది.

వెనక రొప్పులు మాత్రమే వినిపించాయి. అవీ ఒక్కొక్కటే తగ్గుతున్నాయి.

గట్టు పైకి చేరేసరికి తంగేడు వెనక రాగిమూతి ఒక్కడే ఉన్నాడు. మిగతావాళ్ళు రాళ్ళ నీడల్లో నాలుకలు వేలాడేసుకుని పడి ఉన్నారు. తంగేడు గట్టు దిగి మడుగులో పడింది. ఈదుకుంటూ అవతలి ఒడ్డుకు చేరింది. అక్కడ చినుకు, చిన్నమ్మ, మోడుగు తడి ఒళ్ళతో నిలబడి ఉన్నారు.

రాగిమూతి ఇవతలి ఒడ్డున కూలబడ్డాడు. కడుపారా నీళ్ళు తాగాడు. ఈదడానికి ఓపిక లేదు.

"పుట్టి బుద్ధెరిగాక ఇలాంటి దుప్పిని చూడలేదు" అన్నాడు. తిట్టులా లేదు ఆ మాట. సాయంత్రానికి గుంపును కూడగట్టుకుని, కాలిన పాదాలతో, వచ్చిన కొండ దారినే పోయాడు.

ఆ రోజు మంద రెండు దుప్పుల్ని పోగొట్టుకుంది. కొమ్ములరాయుడు బతికాడు కానీ తొడ చీలిపోయింది. ఇక మీదట ఏ పందెంలోనూ అతను ముందు రాలేడు. తొలకరి పడ్డాక మంద అంతా చేరింది. ఈసారి పందెం వద్దని, తంగేడే నాయకురాలని ఒక్క గొంతుతో అన్నారు.

రాయుడు తలవంచుకుని అంచు వైపు నడిచాడు. చినుకు పడుకునే చోటు పక్కన కూలబడబోయాడు.

"అక్కడ కాదు బావా" అంది తంగేడు. "దెబ్బ తగిలినవాళ్ళు మధ్యలో పడుకోవాలి. పసివాళ్ళూ ముసలివాళ్ళూ మధ్యలో. అంచున పడుకోవాల్సింది కాళ్ళలో బలమున్నవాళ్ళు. ఈ ఏడాది నుంచి ఇదే రివాజు."

రాయుడు కుంటుకుంటూ మధ్యకు వెళ్ళి పడుకున్నాడు. మర్నాటి నుంచి మంద మొత్తం ఉదయం పరుగు నేర్చుకుంది. ఊళమ్మ రాతి మీద కూర్చుని అందరినీ తిడుతూ ఉండేది. కొండముచ్చులు నవ్వబోయి, ఎందుకో మానుకున్నాయి.

వానలు బాగా పడ్డాయి. వాగు నిండింది. నడుము ఎత్తు గడ్డి పెరిగింది. రేచుకుక్కలు మళ్ళీ రాలేదు. మెల్లమెల్లగా కొందరు పరుగు మానేశారు. ఒక ఉదయం ముసురు పట్టి ఉండగా తంగేడు లేచి ఒళ్ళు దులుపుకుంది.

"కుక్కలు పోయాయి. నాయకత్వం నీదే. వానలో ఇంకా ఎందుకు వెళ్తావు?" అన్నాడు రాయుడు పడుకున్న చోటి నుంచే.

తంగేడు చెవులు విదిల్చింది. "మొదట్లో పిల్ల కోసం వెళ్ళాను. తర్వాత భయంతో వెళ్ళాను. ఇప్పుడు ఊరికే వెళ్తున్నాను బావా. నిన్న గట్టు మీద ఊపిరి ఎక్కడ ఆడలేదో, ఇవాళ అక్కడ ఆడుతుంది. అది చూడ్డానికి వెళ్తున్నాను."

అని బయలుదేరింది. దాని వెనక చినుకు బయలుదేరింది. కొంతసేపటికి రాయుడు గొణుక్కుంటూ లేచి, మానుతున్న కాలు నేల మీద మోపి చూసుకుని, వానలోకి నెమ్మదిగా అడుగు వేశాడు.

నీతి: ఒక్క దూకుడుతో మెప్పు వస్తుంది, రోజూ చేసే సాధనతో బలం వస్తుంది, ఆ బలానికి విలువ నలుగురికి కాపుగా నిలబడినప్పుడే.